తొమ్మిది మంది ఉన్న విదేశీ కన్సల్టింగ్ సంస్థలో చేరవచ్చా? పనిచేసినవారు చెప్పండి

పెద్దచెరువు గట్టు (విజయనగరం)
2025 అక్టోబరు 8, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం సిరిమాను చూడటానికి మా మేడ మీద చుట్టాలంతా చేరి ఉన్నప్పుడు ఫోనులో ఆఫర్ లెటరు వచ్చింది. జర్మనీలో నూరెంబర్గ్ అనే ఊరు. యజమానితో కలిపి తొమ్మిది మంది ఉన్న కన్సల్టింగ్ సంస్థ. చిన్న ఫ్యాక్టరీలకు వెళ్లి వాళ్ల గోదాములకు సాఫ్ట్‌వేర్ అమర్చడం, సిబ్బందికి నేర్పడం, ఆ తర్వాత వచ్చే చిక్కులు తీర్చడం వాళ్ల పని. ఏడాదికి 52,000 యూరోలు, 28 రోజుల సెలవు, ఆరు నెలల ప్రొబేషన్.

ఇక్కడి జేఎన్‌టీయూ కళాశాలలో చదువుకున్న ఇరవై తొమ్మిదేళ్ల అమ్మాయిని. అయిదేళ్లుగా విశాఖపట్నంలో ఓ పెద్ద కంపెనీలో ఇదే సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తున్నాను. మా అంతస్తులోనే మూడు వందల మంది ఉంటాం. తొమ్మిది మంది ఉన్న చోట పని ఎలా ఉంటుందో ఊహకు అందడం లేదు. నాన్నగారు "పేరు కూడా ఎవరూ వినలేదు, ఎలా నమ్మడం?" అంటున్నారు. అక్టోబరు 20లోగా జవాబు ఇవ్వాలి. విదేశాల్లో ఇలాంటి చిన్న సంస్థల్లో పనిచేసినవారు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

రాజాం బస్టాండు
అక్టోబరు 8, రాత్రి 10:05

వెళ్లవద్దు చెల్లెమ్మా. మా స్నేహితులు ఇద్దరు చిన్న కన్సల్టెన్సీలను నమ్మి అమెరికా వెళ్లి అప్పులతో తిరిగొచ్చారు. వెళితే పెద్ద కంపెనీ ద్వారానే వెళ్లాలి.

ఉద్దానం
అక్టోబరు 8, రాత్రి 11:50

చెల్లెమ్మా, మాది మందస దగ్గర పల్లె. 2017 నుంచి లైప్‌జిగ్‌లో ఉంటున్నాను. మొదటి అయిదేళ్లు ఏడుగురున్న సంస్థలో పనిచేశాను. ఇప్పుడు నాలుగు వందల మంది ఉన్న చోట ఉన్నాను. రెండూ చూశాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

చిన్న సంస్థలో మొదట తెలిసివచ్చేది, మన వెనుక ఎవరూ లేరని. విశాఖలో మీకు టెస్టింగ్ చేసేవారు వేరు, క్లయింటుతో మాట్లాడేవారు వేరు, పత్రాలు రాసేవారు వేరు. అక్కడ ఆ ముగ్గురూ మీరే. నేను చేరిన ఆరో వారంలోనే మా యజమానురాలు కారు తాళం చేతిలో పెట్టి, మరలు (స్క్రూలు) తయారుచేసే ఓ ఫ్యాక్టరీకి ఒక్కడినే పంపారు. ఉదయం అయిదున్నరకు అక్కడ షిఫ్టు మొదలు. గోదాము పెద్దాయనకు అరవై ఏళ్లు ఉంటాయి. చెవి వెనుక పెన్సిలు, చేతిలో అట్టముక్క. కంప్యూటరులో ఆ అరలో పన్నెండు వందల పెట్టెలు ఉన్నట్టు చూపిస్తోంది, ఎదురుగా అర ఖాళీ. సాఫ్ట్‌వేర్ పాడైందని ఆయన, లెక్క తప్పు రాశారని నేను. నా జర్మన్ అంతంత మాత్రం. చివరికి ఆయన అట్టముక్క తీసుకుని ఒక్కొక్క పంక్తీ చదివితే తెలిసింది. ఒకే మరను ఆయన ముప్ఫై ఏళ్లుగా పాత పేరుతో పిలుస్తున్నారు. ఆఫీసులో దానికి కొత్త పేరు పెట్టారు. సరుకంతా పాత పేరు కింద వేరే అరలో భద్రంగా ఉంది. ఆ మధ్యాహ్నం ఆయన తన డబ్బాలోని రొట్టె సగం విరిచి నాకు పెట్టారు.

పెద్ద కంపెనీలో ఉండి ఉంటే ఆ గోదాము గుమ్మం తొక్కడానికి నాకు నాలుగేళ్లు పట్టేది. అందుకే ఆ చిన్న సంస్థను ఈ రోజుకీ గౌరవిస్తాను.

ఇక బరువు సంగతి. ప్రతి పావుగంటకూ ఏం చేశారో టైమ్‌షీటులో రాయాలి. క్లయింటు చూసి ఒప్పుకున్న గంటలకే సంస్థకు డబ్బు. "ఈ రెండు గంటలు ఎందుకు పట్టింది?" అని నెలాఖరున ఫ్యాక్టరీవాళ్లు అడిగితే జవాబు చెప్పాల్సింది మీరే. ఒకరికి జ్వరం వస్తే ఆ పని మిగిలినవాళ్ల మీద పడుతుంది. ఆగస్టులో సగం మంది సెలవుపై వెళితే ఆఫీసులో ఇద్దరే మిగిలిన రోజులూ ఉన్నాయి.

ఒక చట్టం సంగతి తప్పక తెలుసుకోండి. జర్మనీలో కారణం లేకుండా ఉద్యోగం తీసేయకుండా కాపాడే చట్టం ఉంది. కానీ అది పది మందికి మించి ఉద్యోగులున్న సంస్థలకే వర్తిస్తుంది. మీది తొమ్మిది. అంటే ప్రొబేషన్ గడిచినా ఆ రక్షణ మీకు రాదు. ప్రొబేషన్‌లో రెండు వారాల నోటీసు, ఆ తర్వాత మొదట్లో నాలుగు వారాలు. దీన్ని తెలుసుకునే సంతకం పెట్టండి.

పెద్దచెరువు గట్టు
అక్టోబరు 9, ఉదయం 7:15

అన్నా, ఇంత ఓపికగా రాసినందుకు చాలా సంతోషం. పది మంది సంగతి నాకు అసలు తెలియదు. ఇంటర్వ్యూ అంతా ఇంగ్లీషులోనే జరిగింది. నాకు జర్మన్ ఏ2 స్థాయి (రోజువారీ చిన్న మాటలు) వరకే వచ్చు. సరిపోతుందా?

ఉద్దానం
అక్టోబరు 9, మధ్యాహ్నం 1:30

ఆఫీసులో సరిపోతుంది, గోదాములో సరిపోదు. మీ పని గోదాములోనే. పెద్ద కంపెనీలో జర్మన్ రాకుండా పదేళ్లు గడిపినవారు ఉన్నారు. చిన్న సంస్థలో అది కుదరదు, క్లయింటు ఫోను ఎత్తాల్సింది మీరే. తరగతుల ఖర్చు, దానికి వారంలో ఎన్ని గంటలు ఇస్తారన్నది ఒప్పందంలో రాయించుకోండి. ఏ2 పైన ఉండే బీ1 స్థాయి వస్తే మరో మేలు కూడా ఉంది. బ్లూ కార్డు (చదువుకున్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి) ఉన్నవారికి శాశ్వత నివాసం 27 నెలలకు వస్తుంది, బీ1 ఉంటే 21 నెలలకే. జీతం గురించి దిగులు లేదు. 2025లో బ్లూ కార్డుకు కనీస వేతనం 48,300 యూరోలు, మీది దాటింది.

పొందూరు నూలు
అక్టోబరు 9, రాత్రి 8:20

రాజాం సోదరుడు చెప్పిన అమెరికా సంగతి నేను అనుభవించినదే. అయితే అక్కడ మనవాళ్లు "కన్సల్టెన్సీ" అనేది వేరు, ఈ అమ్మాయికి వచ్చినది వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

నేను 2016లో ఎంఎస్ చదవడానికి వెళ్లాను. చదువు అయ్యాక పద్నాలుగు మంది ఉన్న ఓ కన్సల్టెన్సీలో చేరాను. అది సలహాలు ఇచ్చే సంస్థ కాదు, మనుషులను పంపే సంస్థ. నాకూ క్లయింటుకూ మధ్య ఇద్దరు వెండర్లు. క్లయింటు గంటకు ఎంత ఇస్తున్నాడో నాకు ఎవరూ చెప్పలేదు. చేరిన కొత్తలో రెండు పడక గదుల ఇంట్లో ఏడుగురిని ఉంచారు. లేని ఆరేళ్ల అనుభవం రెజ్యూమెలో రాయమన్నారు. నేను రాయనన్నాను. దాంతో నా కోసం క్లయింట్లను వెతకడం ఆపేశారు. చదువు తర్వాత వచ్చే ఓపీటీ అనే పని అనుమతిలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే. అందులో 71 రోజులు ఆ ఇంట్లో గోడ క్యాలెండరు చూస్తూ గడిపాను. చివరికి కళాశాల సీనియర్ ఒకాయన వేరే చోట సొంత అర్హతతోనే పని ఇప్పించారు.

తర్వాత హెచ్‌-1బీ వచ్చింది, అదీ చిన్న సంస్థ ద్వారానే. 2020 ఏప్రిల్‌లో కరోనా వల్ల ప్రాజెక్టు ఆగిపోయింది. "బెంచ్ మీద ఉండు, ప్రాజెక్టు దొరికాక జీతం" అన్నారు. నాలుగు నెలలు పైసా రాలేదు. అందరికీ ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను. ఉండదు. హెచ్‌-1బీ ఉద్యోగికి పని చూపించకపోయినా ఎల్‌సీఏ (వీసా కోసం యజమాని కార్మిక శాఖకు ఇచ్చే హామీ పత్రం)లో రాసిన జీతం ఇచ్చి తీరాలని అక్కడి చట్టం. ఇవ్వకపోతే కార్మిక శాఖకు డబ్ల్యూహెచ్‌-4 ఫారంపై ఫిర్యాదు చేయవచ్చు. అయితే తప్పు జరిగిన పన్నెండు నెలల్లోపే చేయాలి. నేను పదో నెలలో చేశాను. నా జీతం బకాయి వచ్చింది. నాతోపాటు బెంచ్ మీద ఉన్న ఇంకో ఇద్దరు భయపడి ఊరుకున్నారు, గడువు దాటిపోయింది. వాళ్ల సంగతి తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అమ్మా, మీ సంస్థ తానే క్లయింటుతో ఒప్పందం చేసుకుని, తన మనుషులతో తానే పని చేయిస్తోందా? లేక మిమ్మల్ని ఇంకొకరికి అప్పగించి మధ్యలో కమీషను తింటోందా? నాన్నగారికి రావాల్సిన అనుమానం ఇది. పేరు వినలేదన్నది పెద్ద విషయం కాదు.

నిర్వాహకులు
అక్టోబరు 9, రాత్రి 9:00

మనవి. సంస్థల పేర్లు, వ్యక్తుల పేర్లు రాయవద్దు. రాసిన రెండు వ్యాఖ్యలు తీసేశాం. అనుభవాలు మాత్రం నిస్సంకోచంగా పంచుకోండి.

విశ్రాంత మాస్టారు (శ్రీకాకుళం)
అక్టోబరు 10, ఉదయం 6:10

నేను ముప్ఫై నాలుగేళ్లు లెక్కలు చెప్పాను. మా అబ్బాయి కూడా విదేశంలో చిన్న సంస్థలోనే ఉన్నాడు. తండ్రిగా ఆ అమ్మాయి నాన్నగారి మనసు నాకు తెలుసు. వాడు ఆమదాలవలసలో రైలెక్కిన రోజు నుంచి నాలుగు నెలల దాకా, వాడి జీతం బ్యాంకులో పడిందన్న మాట వినే వరకు, నాకు సరిగా నిద్ర పట్టలేదు.

నాదొక ప్రశ్న. శ్రీకాకుళంలో కూర్చుని, భాష రాని మాలాంటివాళ్లం, అక్కడ ఆ సంస్థ నిజంగా ఉందో లేదో ఎలా చూసుకోవడం? ఇంకొకటి, ఉద్యోగం ఇస్తామని ముందుగా డబ్బు అడిగితే ఇవ్వవచ్చా?

కళింగపట్నం తీరం
అక్టోబరు 10, ఉదయం 11:25

మాస్టారూ, నమస్కారం. రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. ఇవ్వకూడదు. పైసా కూడా. ఉద్యోగానికి డబ్బు తీసుకునేవాడి సంపాదన మీ అబ్బాయి పని మీద కాక, మీ జేబు మీద ఆధారపడి ఉందని అర్థం.

మొదటి ప్రశ్న. జర్మనీలో వ్యాపార సంస్థల నమోదు పుస్తకం అందరికీ తెరిచే ఉంటుంది. 2022 ఆగస్టు నుంచి ఇంటర్నెట్లో రుసుము లేకుండా చూడవచ్చు. సంస్థ ఎప్పుడు పుట్టింది, బాధ్యులు ఎవరు, మూలధనం ఎంత, అన్నీ ఉంటాయి. పేరు చివర జీఎంబీహెచ్ (పరిమిత బాధ్యత సంస్థ) అని ఉంటే కనీసం 25,000 యూరోల మూలధనం కావాలి. యూజీ (దానికి చిన్న రూపం) అని ఉంటే ఒక్క యూరోతో కూడా పెట్టవచ్చు. యూజీలన్నీ చెడ్డవని నా ఉద్దేశం కాదు, కానీ అలాంటి చోట ఇంకో నాలుగు ప్రశ్నలు అడగాలి. ఏటేటా ఆస్తి అప్పుల పట్టీ కూడా ప్రచురిస్తారు. మీరు లెక్కల మాస్టారు. భాష రాకపోయినా ఆ అంకెలు మీకు అర్థమవుతాయి. మూడేళ్ల పట్టీలు పక్కపక్కన పెట్టి చూడండి.

ఇక ఆ అమ్మాయికి. నేను స్టుట్‌గార్ట్‌లో ఒక జర్మన్ భాగస్వామితో కలిసి ఆరుగురి సంస్థను తొమ్మిదేళ్లు నడిపాను. అమ్మానాన్నల కోసం 2021లో తిరిగొచ్చాను. అందరూ ఉద్యోగి వైపు నుంచి చెబుతున్నారు. యజమాని బల్ల వెనుక ఏముంటుందో నేను చెబుతాను, ఎందుకంటే మీ నిద్ర ఆయన లెక్కల మీదే ఆధారపడి ఉంటుంది.

ఏడాదిలో శని, ఆదివారాలు తీసేస్తే 261 రోజులు. పండుగలు, మీ 28 రోజుల సెలవు, జలుబు జ్వరాలు పోతే 215 మిగులుతాయి. అందులో క్లయింటు డబ్బు చెల్లించే రోజులు 150 ఉంటే మంచి సంవత్సరం కిందే లెక్క. మిగతావి ప్రయాణాలు, నేర్చుకోవడం, దక్కని కాంట్రాక్టుల కోసం పత్రాలు రాయడం. మీ జీతం 52,000. దాని మీద సామాజిక బీమాకు యజమాని వాటా సుమారు 21 శాతం, అంటే మరో 11,000. అద్దె, కారు, లైసెన్సులు, లెక్కలు చూసేవారి ఫీజు కలిపితే మీ ఒక్కరి మీద 80,000 దాకా తేలుతుంది. 150తో భాగించండి. మీరు క్లయింటు దగ్గర ఉన్న ప్రతి రోజుకూ 530 యూరోలకు పైగా వస్తేనే ఆయనకు నష్టం లేదు. ప్రొబేషన్‌లో ఆయన మీ ముఖం వైపు చూసేటప్పుడు మనసులో తిరిగే అంకె అదే.

అంతకంటే కష్టమైనది ఇంకొకటి ఉంది. జనవరిలో చేసిన పనికి ఇన్వాయిస్ జనవరి 31న వెళుతుంది. అరవై రోజుల గడువు పెట్టిన ఫ్యాక్టరీ ఏప్రిల్ మొదట్లో చెల్లిస్తుంది. మీ జీతం మాత్రం జనవరి 31కే పడాలి. ఆ మధ్య కాలం యజమాని సొంత డబ్బుతోనో బ్యాంకు అప్పుతోనో నెట్టుకురావాలి. 2019లో మా పెద్ద క్లయింటు ఒకటి చెల్లింపు ఆపేసింది. మా ఆదాయంలో అది అరవై శాతం. మూడు నెలలు నేనూ మా భాగస్వామీ జీతం తీసుకోలేదు. అప్పటికీ ఒకరిని పంపేయాల్సి వచ్చింది. ఆ అబ్బాయికి చిన్న పాప. ఆ గదిలో ఆ మాట చెప్పింది నేనే. ఇన్నేళ్లయినా ఆ రోజు నాకు కళ్లకు కట్టినట్టు గుర్తుంది.

అందుకే చెబుతున్నాను. సంస్థలో ఎంతమంది ఉన్నారన్నది పక్కన పెట్టండి. ఆదాయంలో ఒక్క క్లయింటు వాటా ఎంత అని అడగండి. ముప్ఫై శాతం లోపు అంటే నిశ్చింతగా ఉండవచ్చు. సగం దాటితే, మీరు చేరుతున్నది ఆ క్లయింటు దగ్గరే అనుకోండి.

రాజాం బస్టాండు
అక్టోబరు 10, మధ్యాహ్నం 12:40

కళింగపట్నం అన్నగారూ, మీరన్నది సరే. కానీ ఉద్యోగం అడుగుతున్న ఇరవై తొమ్మిదేళ్ల అమ్మాయి యజమానిని ఈ ప్రశ్న వేస్తే "నీకెందుకు?" అని ఆఫర్ వెనక్కి తీసుకోరా? మన దగ్గర అయితే తీసుకుంటారు.

కళింగపట్నం తీరం
అక్టోబరు 10, మధ్యాహ్నం 1:05

నన్ను ఇద్దరు అడిగారు బాబూ. ఆ ఇద్దరినీ తీసుకున్నాను. క్లయింటు సొమ్ము ఎక్కడినుంచి వస్తోందో ఆలోచించేవాళ్లే కన్సల్టింగ్‌కు పనికొస్తారు.

సోంపేట
అక్టోబరు 10, రాత్రి 10:30

మా కంచిలి, సోంపేట వైపు నుంచి గల్ఫ్‌కు వెల్డర్లుగా, పైపు ఫిట్టర్లుగా వెళ్లేవారే ఎక్కువ. నేను డిప్లొమా చదివి షార్జాలో ఆరుగురున్న ఇంజినీరింగ్ కన్సల్టెన్సీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాను. భవనాల నక్షలు గీసి మునిసిపాలిటీ అనుమతికి పెట్టడం మా పని. నక్ష వెనక్కి వస్తే రాత్రంతా కూర్చుని దిద్దేవాళ్లం. ఆరుగురిలో నలుగురు నాలుగు దేశాలవాళ్లు. అందరం ఒకే పళ్లెంలో తిన్న రోజులు ఉన్నాయి.

మొదటి నెలలోనే పాస్‌పోర్టు "భద్రంగా ఉంటుంది" అని తీసుకున్నారు. అక్కడి చట్టం ప్రకారం యజమాని పాస్‌పోర్టు ఉంచుకోకూడదని పక్క గదిలో ఉండే కేరళ పెద్దాయన చెబితే తెలిసింది. అడిగితే మర్యాదగానే ఇచ్చేశారు. తెలియక అడగకుండా ఉంటే అలమారాలోనే ఉండిపోయేది. మానేసినప్పుడు గ్రాట్యుటీ కూడా లెక్క కట్టి ఇచ్చారు. మొదటి అయిదేళ్లకు, ఏడాదికి 21 రోజుల మూల వేతనం. అక్కా, ఏ దేశమైనా మీ కాగితాలు మీ దగ్గరే ఉంచుకోండి.

ఉద్దానం
అక్టోబరు 11, ఉదయం 5:45

నిద్ర పట్టక రాస్తున్నాను. తిత్లీ తుపాను మా పలాస దగ్గర తీరం దాటి ఈ రోజుకు సరిగ్గా ఏడేళ్లు. 2018 అక్టోబరు 11.

ఆ వారం ఒక ఫ్యాక్టరీలో కొత్త సాఫ్ట్‌వేర్ మొదలుపెడుతున్నాం. ఏడాదికొక్కసారి వచ్చే పెద్ద పని, నేనే బాధ్యుణ్ణి. ఉదయం నుంచి ఇంటికి ఫోను చేస్తుంటే మోగడం లేదు. రెండో రోజూ లేదు. మా యజమానురాలు క్యాంటీనులో నా పళ్లెం వైపు చూశారు, అన్నం అలాగే ఉంది. "ఏమైంది?" అన్నారు. చెప్పాను. ఆమె ఇంకేమీ అడగలేదు. నా ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, "పాస్‌వర్డు మార్చి నాకు ఇవ్వు, ఏ పని ఎక్కడ ఆగిందో ఒక కాగితం మీద రాయి" అన్నారు. సాయంత్రానికి టికెట్టు కొని ఇచ్చారు. ఆ రెండు వారాలు ఆమే గోదాములో నిలబడి నా పని చేశారు. నేను వెళ్లేసరికి అమ్మానాన్నలు క్షేమం. తోట మాత్రం లేదు. తాతగారి కాలం నాటి కొబ్బరి చెట్లు మొదళ్లతో సహా పడి ఉన్నాయి. నాన్నగారు వాటి మధ్య ఓ మొద్దు మీద కూర్చుని ఉన్నారు.

ఇప్పుడున్న నాలుగు వందల మంది సంస్థలోనూ సెలవు ఇస్తారు. ఫారం నింపాలి, ఇద్దరు ఆమోదించాలి. అది తప్పని నేను అనను. కానీ పళ్లెం వైపు చూసే మనిషి అక్కడ ఉండరు. అదే చిన్న సంస్థలో యజమాని కఠినాత్ములైతే తప్పించుకుని తిరగడానికి చోటూ ఉండదు. ఎదుటి బల్ల వారిదే.

కాబట్టి చెల్లెమ్మా, కళింగపట్నంవారు చెప్పిన ప్రశ్నతో పాటు, అక్కడ మానేసిన ఒక ఉద్యోగితో మాట్లాడించమని కూడా అడగండి.

బొబ్బిలి వీణ
అక్టోబరు 11, మధ్యాహ్నం 3:15

ఇంతవరకు మగవాళ్లే మాట్లాడారు. ఒక ఆడపిల్లగా నేను చెప్పాల్సినవి ఉన్నాయి.

నేను మ్యూనిక్ దగ్గర పదకొండు మంది సంస్థలో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. చేరినప్పుడు నేనొక్కదాన్నే ఆడదాన్ని, నేనొక్కదాన్నే విదేశీయురాలిని. ఎవరూ అవమానించలేదు. కానీ మధ్యాహ్న భోజనానికి అందరూ వాళ్ల యాసలోకి దిగిపోయేవారు. నవ్వుతుంటే ఎందుకో తెలియక నేనూ నవ్వేదాన్ని. ఆ మొదటి చలికాలం నాలుగున్నరకే చీకటి పడేది. ఆ వేళకు మన దగ్గర రాత్రి తొమ్మిది. అమ్మ "తిన్నావా?" అని అడిగి పడుకునేది. ఆ తర్వాత మరునాడు ఉదయం దాకా తెలుగు మాట వినపడేది కాదు. పెద్ద కంపెనీలో అయితే మనవాళ్లు పదిమంది ఉంటారు. చిన్న సంస్థలో ఉండరు. నేను ఆదివారాలు వీణ మళ్లీ మొదలుపెట్టాను, అదే నన్ను నిలబెట్టింది.

చట్టం సంగతి ఒకటి చేరుస్తాను. పది మంది లోపు సంస్థల్లో ఉద్యోగ రక్షణ చట్టం వర్తించదన్నది నిజమే. కానీ గర్భిణిని తీసేయకూడదన్న చట్టానికి ఆ లెక్క లేదు. ఇద్దరే ఉన్న సంస్థకైనా, ప్రొబేషన్‌లో ఉన్నా వర్తిస్తుంది. ప్రసవానికి ముందు ఆరు వారాలు, తర్వాత ఎనిమిది వారాలు విశ్రాంతి. మా పాప పుట్టినప్పుడు ఆ ఖర్చుకు ఆరోగ్య బీమా నిధి నుంచి తనకు తిరిగి వస్తుందని మా యజమానికే తెలియదు. నేనే చదివి చెప్పాను. చిన్న సంస్థల్లో చాలాసార్లు చెడ్డతనం కంటే తెలియనితనం ఎక్కువ. సిబ్బంది విభాగం అంటూ ఉండదు కదా. మన హక్కులు మనమే చదువుకుని, మర్యాదగా ముందు పెట్టాలి.

పొందూరు నూలు
అక్టోబరు 11, రాత్రి 9:50

బొబ్బిలి సోదరి చెప్పింది అక్షరాలా నిజం. సంస్థ మూతపడితే జీతం గతేమిటో జర్మనీలో ఉన్నవారు ఎవరైనా చెప్పండి. అమెరికాలో ఉద్యోగం పోయాక కొత్తది వెతుక్కోవడానికి నాకు మిగిలినది 60 రోజుల గడువే.

ఉద్దానం
అక్టోబరు 11, రాత్రి 11:00

సంస్థ దివాలా తీస్తే, అంతకుముందు మూడు నెలల వరకు ఆగిపోయిన జీతాన్ని ప్రభుత్వ ఉపాధి సంస్థ ఇస్తుంది. రెండు నెలల్లోపు దరఖాస్తు చేయాలి. నా గదిలో ఉండే అబ్బాయికి అలా వచ్చింది. యజమాని మాటలు నమ్మి నాలుగో నెల, అయిదో నెల కూడా ఊరికే పనిచేస్తే ఆ రెండు నెలలూ పోయినట్టే. ఒక నెల జీతం ఆగిన రోజే అడగాలి.

పెద్దచెరువు గట్టు
అక్టోబరు 16, రాత్రి 8:30

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీరు రాసినదంతా కాగితాల మీద అచ్చు తీయించి నాన్నగారికి ఇచ్చాను. ఆయన పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ రెండుసార్లు చదివారు. కళింగపట్నంవారి లెక్క పక్కన తాను మళ్లీ భాగహారం చేసి చూశారు.

సోమవారం యజమానికి ఉత్తరం రాశాను. అయిదు అడిగాను. పెద్ద క్లయింటు వాటా ఎంత, నన్ను ఇంకొక సంస్థకు అప్పగిస్తారా, జర్మన్ తరగతులకు వారంలో ఎన్ని గంటలు, మధ్యలో మానేస్తే, సంస్థ ఇచ్చిన ఇల్లు మారే ఖర్చు తిరిగి ఇవ్వాల్సిన షరతు ఎలా లెక్కిస్తారు, మానేసిన ఉద్యోగితో మాట్లాడవచ్చా. పంపే మీట మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను.

రెండు రోజులకు జవాబు వచ్చింది. పదకొండు మంది క్లయింట్లు, పెద్దదాని వాటా 38 శాతం, అది బొమ్మలు చేసే ఫ్యాక్టరీ, ఒప్పందం 2027 జూన్ దాకా ఉంది. ఎవరికీ అప్పగించరు. తరగతులకు వారానికి నాలుగు గంటలు, ఒప్పందంలో రాస్తారు. ఇల్లు మారే ఖర్చు షరతును నెలనెలా తగ్గేలా మార్చారు. ముందు అలా లేదు, రెండేళ్లలోపు ఎప్పుడు మానేసినా మొత్తం కట్టాలని ఉండేది.

మానేసిన ఉద్యోగి ఫోను నంబరు కూడా ఇచ్చారు. నిన్న మాట్లాడాను. ఆమె అయిదేళ్లు చేశారట. "ఆయన కోపిష్ఠి. పత్రంలో ఒక్క అంకె తప్పితే గట్టిగా అరుస్తారు, గంట తర్వాత కాఫీ తెచ్చి పెడతారు. మొదటి ఏడాది నాకు చాలా కష్టమైంది. కానీ జీతం ప్రతి నెలా 28న పడింది, ఒక్క నెల కూడా తప్పలేదు" అన్నారు. ఎందుకు మానేశారని అడిగితే, సంస్థ పెరగడం ఆయనకు ఇష్టం లేదు, తనకు పెరగాలని ఉంది అన్నారు.

38 శాతం గురించి మీరేమంటారు, కళింగపట్నం అన్నగారూ?

కళింగపట్నం తీరం
అక్టోబరు 16, రాత్రి 9:15

నేను చెప్పిన ముప్ఫై కంటే ఎక్కువే. కానీ దాచకుండా చెప్పాడు, గడువు తేదీ కూడా చెప్పాడు. 2027 జనవరి రాగానే ఆ ఒప్పందం పొడిగించారా అని అడగండి. సమాధానం తటపటాయిస్తే అప్పటి నుంచే వేరే చోట చూసుకోండి. ఆ జూన్ నాటికి మీ చేతిలో బీ1, పదిహేను నెలలకు పైగా గోదాము అనుభవం ఉంటాయి.

అరిచే మనిషి సంగతి మాత్రం మీరే తేల్చుకోవాలి. అది లెక్కకు అందేది కాదు.

విశ్రాంత మాస్టారు (శ్రీకాకుళం)
అక్టోబరు 17, ఉదయం 6:00

అమ్మా, మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆ భాగహారం నేను కూడా చేసి చూశాను.

రాజాం బస్టాండు
అక్టోబరు 17, ఉదయం 9:20

నేను మొదట తొందరపడి వద్దన్నాను చెల్లెమ్మా. నా స్నేహితులు ఈ అయిదు ప్రశ్నల్లో ఒక్కటి కూడా అడగలేదు, అడగవచ్చని మాకు ఎవరూ చెప్పలేదు. ఈ చర్చను మా ఊరి కుర్రాళ్లకు పంపుతున్నాను.

పెద్దచెరువు గట్టు
అక్టోబరు 19, రాత్రి 10:10

ఈ సాయంత్రం సంతకం పెట్టాను. ముందు పైడితల్లి గుడికి వెళ్లి వచ్చాం. నాన్నగారు కలం తెరిచి ఇచ్చారు.

ఉద్దానం అన్నా, వీసా వస్తే ఫిబ్రవరిలో చేరాలి. గోదాములోకి ఎలాంటి బూట్లు కావాలి? ఇక్కడే కొనుక్కోవాలా?

ఉద్దానం
అక్టోబరు 19, రాత్రి 11:35

కొనవద్దమ్మా. ముందు ఇనుప తొడుగు ఉండే బూట్లు కావాలి, వాటిని సంస్థే ఇవ్వాలి. మీరు మందపాటి ఊలు మేజోళ్లు నాలుగు జతలు తెచ్చుకోండి, గోదాము నేల చల్లగా ఉంటుంది. మామిడికాయ తాండ్ర కొంచెం ఎక్కువే పెట్టుకోండి. లైప్‌జిగ్ నుంచి నూరెంబర్గ్‌కు రైల్లో రెండు గంటలే. దిగే రోజు చెబితే నేనూ మీ వదినా స్టేషనుకు వస్తాం.